స్పెన్సర్ షాప్స్‌కి నాన్నను తీసుకెళ్ళాను: నార్త్ కరోలినాలోని పాత రైలింజన్ల మరమ్మతు కర్మాగారం

లాలాగూడ క్వార్టర్స్ (షార్లెట్)

అందరికీ నమస్కారం. మా నాన్న సికింద్రాబాదులోని లాలాగూడ రైల్వే వర్క్‌షాప్‌లో, వీల్ షాపులో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యారు. ఈ వేసవిలో ఆరు నెలలకని మా దగ్గరికి వచ్చారు. మొదటి నెల అందరం చేసేదే చేశాం. గుడి, మాల్, కొండలు, జలపాతం. ఆయన వెంట వచ్చేవారు, చూసేవారు, పెద్దగా మాట్లాడేవారు కాదు. కిందటి శనివారం స్పెన్సర్ తీసుకెళ్ళాను. ఆ ఒక్కరోజు ఆయన మాట్లాడినంత ఈ పదేళ్ళలో నేను వినలేదు. అందుకే రాస్తున్నాను.

స్పెన్సర్ షార్లెట్ నుంచి ఐ-85 మీద ముప్పావు గంట దూరం. సాలిస్‌బరీ పక్కన చిన్న ఊరు. 1896లో సదరన్ రైల్వే ఇక్కడ ఆవిరి ఇంజన్ల మరమ్మతు కర్మాగారం పెట్టింది. అంతకు రెండేళ్ళ ముందే, 1894లో, అప్పుల్లో పడ్డ అనేక రైల్వేలను కలిపి ఆ కంపెనీని కట్టారు. దాని మొదటి ప్రెసిడెంట్ శామ్యూల్ స్పెన్సర్ పేరే కర్మాగారానికి పెట్టారు. ఊరు తర్వాత పుట్టింది, దానికీ అదే పేరు. మంచి రోజుల్లో దాదాపు 3,000 మంది పనిచేశారట. ఆవిరి పోయి డీజిల్ ఇంజన్లు వచ్చాక, 1960లో షాపులు మూసేశారు. ఇప్పుడు ఆ 57 ఎకరాల స్థలం నార్త్ కరోలినా ట్రాన్స్‌పోర్టేషన్ మ్యూజియం.

నేను రాయాలనుకున్నది రౌండ్ హౌస్ గురించి. 1924లో కట్టారు. మధ్యలో వంద అడుగుల టర్న్ టేబుల్, అంటే ఇంజన్‌ని నిలబెట్టి గుండ్రంగా తిప్పే వేదిక, దాని చుట్టూ విసనకర్ర విప్పినట్టు 37 గదులు. ఒక్కో గదిలో ఒక్కో ఇంజన్ పట్టేంత చోటు. లోపలికి అడుగు పెట్టగానే నాన్న ఆగిపోయారు. పాత నూనె, తుప్పు, బొగ్గుమసి కలిసిన వాసన. "ఇది మా షాపు వాసనేరా" అన్నారు. తర్వాత ఒక ఇంజన్ పెద్ద చక్రం దగ్గరికి వెళ్ళి, అంచు మీద బొటనవేలితో నెమ్మదిగా రాస్తూ చుట్టూ తిరిగారు. ఫ్లాంజ్, అంటే చక్రం పట్టా మీంచి జారకుండా ఆపే అంచు, ఎంత అరిగిందో చూస్తున్నారని నాకు తర్వాత అర్థమైంది.

ఆవిరి ఇంజన్ చక్రానికి కూడా టైరు ఉంటుందన్న సంగతి నాకు ఆ రోజే తెలిసింది. రబ్బరుది కాదు, ఉక్కుది. ఆ ఉక్కు వలయాన్ని బాగా వేడిచేస్తే వ్యాకోచిస్తుంది. అప్పుడు చక్రం మీదికి దింపితే చల్లారుతూ బిగుసుకుంటుంది. "ఎడ్లబండి చక్రానికి ఇనప పట్టా ఎక్కించరూ, అదే పద్ధతి" అన్నారు నాన్న. తను ఉద్యోగంలో చేరిన కొత్తలో కొన్ని పాత బోగీల చక్రాలకి ఇలాంటి టైర్లే ఉండేవట. సుత్తితో కొట్టి మోత వినేవారట. గణగణమంటే బిగువుగా ఉన్నట్టు, మొద్దుగా మోగితే టైరు వదులైనట్టు.

అక్కడ మా నాన్న వయసే ఉన్న ఒక వాలంటీర్ ఉన్నారు. నాన్నకి ఇంగ్లీషు అంతంత మాత్రం. నేను మధ్యలో తర్జుమా చేయబోయాను. అవసరం లేకపోయింది. ఇద్దరూ వేళ్ళతో చూపించుకుంటూ అరగంట మాట్లాడుకున్నారు.

ఇక్కడ రైల్వే వాళ్ళ పిల్లలు చాలామంది ఉన్నారని తెలుసు. ఎవరైనా వెళ్ళారా?

అనసూయ, రాలీ

చదువుతుంటే గొంతు పట్టేసింది. మా తాతగారు బిట్రగుంటలో ఉండేవారు, అక్కడి లోకో షెడ్డు కబుర్లు చిన్నప్పుడు విన్నాను. మేం రాలీలోనే ఉంటూ స్పెన్సర్ బోర్డు దాటుకుంటూ షార్లెట్ ఎన్నిసార్లు వెళ్ళామో. ఒక్కసారీ ఆగలేదు.

రెండు సందేహాలు. అంత పెద్ద కర్మాగారం ఏ నగరంలోనూ పెట్టకుండా అక్కడ పొలాల్లో ఎందుకు పెట్టారు? రౌండ్ హౌస్ ఉండగా బ్యాక్ షాప్ అని ఇంకో పెద్ద భవనం ఎందుకు? ఫోటోల్లో రెండూ కనిపిస్తున్నాయి.

కాజీపేట ఫైర్‌మన్

అనసూయ గారూ, మొదటిదానికి జవాబు మ్యాపులో ఉంది. సదరన్ రైల్వే ముఖ్య మార్గం వాషింగ్టన్ నుంచి అట్లాంటాకి. స్పెన్సర్ దాదాపు దానికి నడిమధ్యన ఉంటుంది. ఆవిరి ఇంజన్‌ని ఆ చివరి నుంచి ఈ చివరికి ఏకబిగిన నడపలేరు. నిప్పుగూట్లో బూడిద పేరుకుంటుంది, బొగ్గు అయిపోతుంది, బేరింగులకు నూనె కావాలి, సిబ్బందికి విశ్రాంతి కావాలి. అందుకని ప్రతి వంద, నూట యాభై మైళ్ళకూ ఇంజన్ మార్చే చోటు ఒకటి ఉండేది. మన వైపు కాజీపేట, బిట్రగుంట, గుంతకల్లు అలా పెరిగినవే. పైగా పొలాల్లో భూమి చవక. అక్కడి మాజీ కాంగ్రెస్ సభ్యుడు జాన్ హెండర్సన్ ముందుగా ఆ భూములు కొని తర్వాత రైల్వేకి ఇచ్చాడు.

ఆ మైళ్ళ లెక్క ఎంత కఠినంగా ఉండేదో ఒక ప్రమాదం చెబుతుంది. 1903 సెప్టెంబర్ 27. సదరన్ వారి 97 నంబరు మెయిలు బండి వర్జీనియాలోని మన్రోకి గంట ఆలస్యంగా వచ్చింది. అక్కడ ఎక్కిన డ్రైవర్ జోసెఫ్ బ్రాడీ దాన్ని స్పెన్సర్ చేర్చాలి. 166 మైళ్ళు. మామూలుగా నాలుగుంబావు గంటలు పట్టే దూరం, మూడుంబావు గంటల్లో వెళ్ళి టైము కలపమన్నారు. డాన్విల్ దగ్గర దిగుడులో మలుపు మీద వేగం అదుపు కాలేదు, బండి వంతెన మీంచి పడిపోయింది. పదకొండు మంది పోయారు, బ్రాడీతో సహా. టైము కలపమని చెప్పడం ఎంత తేలికో, ఫుట్ ప్లేట్ మీద నిలబడ్డవాడికి అది ఎంత భారమో ఆ పని చేసినవాళ్ళకు తెలుసు. ఆ కర్మాగారానికి పేరిచ్చిన శామ్యూల్ స్పెన్సర్ కూడా 1906 నవంబర్‌లో తన సొంత రైల్వే మీదే, రెండు రైళ్ళు గుద్దుకున్న ప్రమాదంలో చనిపోయాడు.

రెండో ప్రశ్న. మన భాషలో చెప్పాలంటే రౌండ్ హౌస్ అంటే షెడ్డు, బ్యాక్ షాప్ అంటే వర్క్‌షాప్. షెడ్డులో రోజువారీ పని: బూడిద దులపడం, బాయిలర్ కడగడం, బ్రేకులు సరిచూడడం, చిన్న లీకులు కట్టడం. ఇంజన్ మళ్ళీ డ్యూటీకి వెళ్ళిపోతుంది. వర్క్‌షాప్‌లో పీఓహెచ్. అంటే ఇంజన్‌ని ఏ ముక్కకాముక్క విప్పేసి మళ్ళీ కట్టడం. స్పెన్సర్ బ్యాక్ షాప్ 1905లో పూర్తయింది. దాదాపు 600 అడుగుల పొడవు, 150 అడుగుల వెడల్పు. అంత ఎత్తు ఎందుకంటే, పైనుండే క్రేన్లు మొత్తం ఇంజన్ని చక్రాల మీంచి లేపి, పక్కనున్న ఇంజన్ల మీదుగా మోసుకెళ్ళాలి.

విప్పాక అసలు పని బాయిలర్ది. లోపల వందకు పైగా గొట్టాలుంటాయి. నిప్పుగూట్లోంచి వచ్చే వేడి పొగ వాటిలోంచి పోతుంది, చుట్టూ నీళ్ళుంటాయి. వేణ్ణీళ్ళ కాగు అడుగున తెల్లటి పొర కడుతుంది చూడండి, అదే పొర ఈ గొట్టాల మీద కడుతుంది. అది మందమైతే వేడి నీటికి చేరదు, లోహం కాలిపోతుంది. అందుకని గొట్టాలన్నీ పీకి, శుభ్రం చేసి, పాడైన చివరలు కోసి కొత్త ముక్క అతికి మళ్ళీ బిగించాలి. ఈ పనికే స్పెన్సర్‌లో విడిగా ఫ్లూ షాప్ ఉంది. ఆ భవనం ఇప్పటికీ నిలిచే ఉంది.

నేను ఆవిరి చివరి రోజుల్లో ఉద్యోగంలో చేరాను. రాయడం మొదలుపెడితే ఆగదు, మన్నించండి.

లాలాగూడ క్వార్టర్స్

మన్నించడమేమిటి బాబాయ్, ఇది చదివి వినిపిస్తే నాన్న "ఈయన నిజంగా పనిచేసినవాడే" అన్నారు. ఆయన నోట అంతకన్నా పెద్ద మెచ్చుకోలు ఉండదు.

విశాఖ వేణు (అట్లాంటా)

నాకో అభ్యంతరం ఉంది, మనసులో మాట చెబుతున్నాను. ఇప్పుడు అక్కడ పిల్లల కథల ఇంజన్ వచ్చే రోజులు, క్రిస్మస్ రైలు, పాత కార్ల ప్రదర్శన, విమానం కూడా ఉన్నాయట. 3,000 మంది చెమటోడ్చిన చోటు విహారస్థలం అయిపోతే ఆ మనుషులు ఎక్కడ గుర్తుంటారు? రైలింజన్లను నున్నగా రంగు వేసి నిలబెట్టడం తేలిక. అక్కడ 1922లో ఏం జరిగిందో చెప్పడం కష్టం.

ఆ ఏడాది జులై 1న అమెరికా అంతటా రైల్వే షాపుల పనివాళ్ళు సమ్మెకి దిగారు. దాదాపు నాలుగు లక్షల మంది. ప్రభుత్వ లేబర్ బోర్డు షాపు పనివాళ్ళ కూలి గంటకు 7 సెంట్లు తగ్గించింది, అదీ కారణం. మెషినిస్టులు, బాయిలర్ పనివాళ్ళు, కమ్మరులు, రేకు పనివాళ్ళు, ఎలక్ట్రీషియన్లు, బోగీ పనివాళ్ళు, ఆరు వృత్తులూ కలిసి దిగాయి. సెప్టెంబర్‌లో అటార్నీ జనరల్ డాహర్టీ కోరితే ఫెడరల్ జడ్జి విల్కర్సన్ సమ్మె నాయకులు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడానికి కూడా వీల్లేనంత గట్టి ఉత్తర్వు ఇచ్చాడు.

ఇంకోటి. ఆ రోజుల్లో దక్షిణాది రైల్వేల్లో నల్లవాళ్ళకి దక్కినవి ఎక్కువగా కూలి పనులు, హెల్పర్ పనులు. చేతిలో ఎంత పనితనమున్నా మెషినిస్టు కాలేడు. మెషినిస్టుల యూనియనే 1948 దాకా వాళ్ళను చేర్చుకోలేదు. ఇవన్నీ చెప్పకుండా ఇంజన్లు మాత్రం చూపిస్తే అది సగం చరిత్రే.

అనసూయ, రాలీ

వేణు గారూ, మీరు చెప్పినవి నాకు తెలియవు. చాలా థాంక్స్. కానీ పిల్లల రైలు గురించి మాత్రం ఒప్పుకోలేను. మా పక్కింటివాళ్ళ అబ్బాయి నాలుగేళ్ళప్పుడు ఆ రైలు కోసమే వెళ్ళాడు. ఇప్పుడు పదహారేళ్ళు, వెల్డింగ్ నేర్చుకుంటున్నాడు. నాలుగేళ్ళవాడికి సమ్మె చరిత్ర చెప్పలేం కదా, ముందు గుమ్మంలోకి రానివ్వాలి.

కాజీపేట ఫైర్‌మన్

ఇద్దరి మాటా నిజమే. కాకపోతే డబ్బు సంగతి కూడా చూడాలి. 600 అడుగుల కప్పు కురవకుండా చూసుకోవడానికి ఎంత ఖర్చవుతుందో ఊహించండి. స్పెన్సర్‌లో షాపులు 1960లో మూతపడ్డాక యార్డు మాత్రం లిన్‌వుడ్‌లో కొత్త యార్డు వచ్చేదాకా, అంటే 1979 దాకా నడిచింది. 1977లో 4 ఎకరాలు, 1979లో 53 ఎకరాలు రైల్వే కంపెనీ రాష్ట్రానికి దానంగా ఇచ్చింది. 1983లో మొదటి ప్రదర్శన తెరిచారు. రౌండ్ హౌస్‌ని జనానికి తెరిచేసరికి 1996. బ్యాక్ షాప్ పని అంతకన్నా ఆలస్యంగా, మెల్లగా సాగింది. అద్దాలు పగిలి, కప్పు కారుతూ ఉన్న దాన్ని నిలబెట్టినవాళ్ళలో టికెట్టు కొన్న ప్రతి కుటుంబమూ ఉంది.

మెట్టుగూడ అబ్బాయి

అన్నలూ, ఒక డౌటు. డీజిల్ ఇంజన్ కూడా పాడవుతుంది కదా, దానికీ మరమ్మతు కావాలి కదా. మరి డీజిల్ వచ్చాక షాపు మూయడమెందుకు? డీజిల్ షాపుగా మార్చుకోవచ్చు కదా?

కాజీపేట ఫైర్‌మన్

మంచి ప్రశ్న తమ్ముడూ. ఆవిరి ఇంజన్‌కి కావాల్సిన భాగం చాలావరకు షాపులోనే పుట్టేది. చెక్కతో నమూనా చేసి, పోత పోసి, లేత్ మీద తిప్పి, చేత్తో రాకి అమర్చేవాళ్ళు. ఒకే తరగతి ఇంజన్లు రెండున్నా ఒకదాని భాగం రెండోదానికి సరిగ్గా పట్టేది కాదు. అందుకే అంతమంది, అన్ని వృత్తులు. డీజిల్ అలా కాదు. జనరల్ మోటార్స్ వాళ్ళు ఇల్లినాయ్‌లోని లా గ్రేంజ్ ఫ్యాక్టరీలో ఒకే అచ్చులో వందలు తయారుచేశారు. పాడైన భాగం తీసి, పెట్టెలోంచి కొత్తది పెట్టడమే. బూడిద లేదు, బాయిలర్ కడగడం లేదు, ఇంజన్ మార్చకుండా ఎంతో దూరం పోతుంది. నడిమధ్యన ఆగే అవసరమే పోయాక నడిమధ్యనున్న షాపు ఎందుకు?

సదరన్ రైల్వే ఇందులో అందరికన్నా ముందుంది. 1953 జూన్ నాటికి ఆవిరిని పూర్తిగా మానేసింది. అమెరికా పెద్ద రైల్వేల్లో మొదటిది అదే. ఏడేళ్ళలో షాపు మూత.

విశాఖ వేణు

ఆ ఏడేళ్ళు ఆ ఊళ్ళో ఎలా గడిచుంటాయో. ప్రతి నెలా ఒక బల్ల ఖాళీ అవుతుంటే.

మెట్టుగూడ అబ్బాయి

మా లాలాగూడ గురించి కూడా చెప్పాలి. స్పెన్సర్ కన్నా మూడేళ్ళు పెద్దది, 1893. నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే కాలంది. ఈరోజుకీ పని నడుస్తోంది, బోగీలు పీఓహెచ్‌కి వస్తున్నాయి, పోతున్నాయి. పొద్దున షాపు కూత వినే మా అమ్మ స్టవ్ మీద టీ పెట్టేది, ఇంట్లో గడియారం అక్కర్లేదు. ఆ కూత మోగుతున్నన్నాళ్ళూ దాని చరిత్ర రాయాలని ఎవరికీ తోచలేదేమో. అదిగో, మాట్లాడాల్సిన పెద్దవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. లాలాగూడ అన్నా, మీ నాన్నగారి మాటలు ఫోన్లో రికార్డు చేయండి. దండం పెట్టి అడుగుతున్నాను.

చీరాల ప్యాసింజర్ (గ్రీన్స్‌బరో)

ఆలస్యంగా వచ్చాను. నేను స్పెన్సర్‌కి 2014 నుంచి వెళ్తున్నాను. మొదటిసారి వెళ్ళింది ఆ ఏడాది మే చివర్లో పాత స్ట్రీమ్‌లైనర్ (నున్నటి ఒంపుల ఒళ్ళున్న) డీజిళ్ళను టర్న్ టేబుల్ చుట్టూ నిలబెట్టినప్పుడు. ఒక్క విషయం ఎవరూ చెప్పలేదు, అందుకే రాస్తున్నాను. ఆ చోటు వట్టి ప్రదర్శనశాల కాదు. అక్కడ ఇప్పటికీ మరమ్మతులు జరుగుతున్నాయి.

నార్‌ఫోక్ అండ్ వెస్టర్న్ 611 అనే ఇంజన్ ఉంది. 1950లో వర్జీనియాలోని రోనోక్‌లో, ఆ రైల్వే సొంత షాపుల్లోనే తయారైంది. నల్లటి ఒళ్ళు, పొడవునా ఎర్రటి పట్టీ, ముక్కు తుపాకి గుండులా. 1994 తర్వాత నిప్పు రాజేయకుండా రోనోక్ మ్యూజియంలో ఉండిపోయింది. దాన్ని మళ్ళీ నడిపించాలనుకున్నప్పుడు 2014లో తీసుకొచ్చింది స్పెన్సర్‌కే. రౌండ్ హౌస్‌లో ఇంజన్ కింద దిగి పనిచేసే గోతులున్నాయి, చోటుంది, ఆ పని చేయగల చేతులున్నాయి.

ఆవిరి ఇంజన్ నడపాలంటే అమెరికాలో ఫెడరల్ నిబంధన ఒకటి ఉంది. 1,472 పనిరోజులు నడిచినా, 15 ఏళ్ళు గడిచినా, ఏది ముందైతే అప్పుడు బాయిలర్ మొత్తం విప్పి చూడాలి. రేకుల మందం అంగుళమంగుళం కొలవాలి. లెక్కలు కట్టి చూపాలి. 611కి అదంతా చేశారు. కాజీపేట బాబాయ్ గారు చెప్పిన గొట్టాల పనంతా మళ్ళీ అదే స్పెన్సర్‌లో జరిగింది, షాపులు మూసిన యాభై నాలుగేళ్ళకి! 2015 మే నెలలో అది సొంత ఆవిరితో రోనోక్ తిరిగి వెళ్ళింది. ఆ రోజు నేను పట్టాల పక్కన గడ్డిలో నిలబడి ఉన్నాను. కూత వినపడ్డాక పావుగంట ఎవరం మాట్లాడుకోలేదు.

వేణు గారూ, మీరన్న విమానం సంగతి కూడా అంతే. పీడ్‌మాంట్ ఎయిర్‌లైన్స్ వారి పాత డీసీ-3. దాన్ని బ్యాక్ షాప్‌లోనే వాలంటీర్లు బాగుచేస్తూ వచ్చారు. ఇంజన్లు విప్పిన కప్పు కింద విమానం విప్పారు. నాకైతే ఆ భవనానికి అంతకన్నా తగిన పని తోచదు.

వెళ్ళేవాళ్ళకి రెండు మాటలు. రౌండ్ హౌస్‌లో ఎండాకాలం వేడి చాలా ఎక్కువ, పెద్దవాళ్ళుంటే ఉదయమే వెళ్ళండి. టర్న్ టేబుల్ మీద ఎక్కి తిరిగే అవకాశం ఉంటే వదులుకోవద్దు. వందల టన్నుల బరువుని అంత మెత్తగా తిప్పుతుంటే కాళ్ళ కింద తెలుస్తుంది. బ్యాక్ షాప్ మీద పెద్ద అక్షరాలతో "జాగ్రత్త" అని ఇంగ్లీషులో రాసి ఉంటుంది, పనివాళ్ళకోసం రాసింది. పిల్లలకి చూపించండి.

విశాఖ వేణు

ప్యాసింజర్ గారూ, 611 సంగతి నాకు తెలియదు. పని జరుగుతున్న చోటు అంటే వేరు. అభ్యంతరం సగం వెనక్కి తీసుకుంటున్నాను. మిగతా సగం, ఆ మనుషుల కథ చెప్పాలన్నది, అలాగే ఉంచుతాను.

లాలాగూడ క్వార్టర్స్

ఉంచండి వేణు గారూ, ఉండాలి. నాన్నకి మీ పోస్టు కూడా చదివి వినిపించాను. 1974 మే సమ్మె రోజుల గురించి మొదటిసారి నాకు చెప్పారు. రెండు గంటలు. మెట్టుగూడ తమ్ముడూ, రికార్డు చేశాను. మొత్తం రాసి ఇక్కడే పెడతాను, కొంచెం టైమివ్వు.

మరో సంగతి. మా అబ్బాయి చక్రం టైరు ఎందుకు ఊడిపోదని అడిగాడు. నాన్న వంటింట్లోకి వెళ్ళి, గట్టిగా బిగుసుకున్న ఊరగాయ సీసా తెచ్చి, ఇనప మూతని వేణ్ణీళ్ళ కింద పట్టి తిప్పి చూపించారు. మూత వదులైంది. "ఇప్పుడు చల్లారనివ్వు, మళ్ళీ తిప్పి చూడు" అన్నారు. వాడు పదిసార్లు చేశాడు.

వచ్చే శనివారం మళ్ళీ వెళ్తున్నాం. ఆ వాలంటీరుకి మా నాన్న తన పాత ఫ్లాంజ్ గేజ్ (ఫ్లాంజ్ అరుగుదల కొలిచే పనిముట్టు) ఫోటో చూపిస్తానన్నారట. హైదరాబాదులో మా అక్క అటక మీంచి దింపి ఫోటో తీసి పంపింది. తొమ్మిదింటికల్లా అక్కడుంటాం.

అనసూయ, రాలీ

మేమూ వస్తున్నాం. పిల్లలిద్దరూ, మా అమ్మ కూడా. టర్న్ టేబుల్ దగ్గర కలుద్దాం. పులిహోర నేను తెస్తాను, మీరేమీ చేయొద్దు.

చీరాల ప్యాసింజర్

గ్రీన్స్‌బరో నుంచి నేనూ. పెరుగన్నం నా వంతు.